తెలుగు రాని ట్యూటర్

కోపంగా ఉన్న మనిషికి రైలు ఎప్పుడూ నిదానంగానే నడుస్తుంది. గుడియాత్తంలో బండి ఎక్కింది మొదలు పొన్నమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. లత్తేరిలో ఆగినప్పుడు మాత్రం కిటికీలోంచి చూసి, "ఈడ ఇంతసేపు ఏం పని దీనికి?" అని కసిరింది. ఎదురుగా కూర్చున్న కొడుకు చెంగల్రాయలు తల ఎత్తలేదు. ఆ కసురు రైలు మీద కాదని అతనికి తెలుసు.

పోయిన వారం మనం అతన్ని వేలూరు కాలేజీలో నోటీసు బోర్డు ముందు వదిలిపెట్టాం. ఇంటర్మీడియెట్ పరీక్షకు పంపేవాళ్ళ పేర్లు అంటించారు, అందులో అతని పేరు లేదు. అందుకని కాలేజీ వాళ్ళు ముందుగా పెట్టిన పరీక్షలో ఇంగ్లీషులో పాసయ్యాడు. లెక్కల్లో, చరిత్రలో మంచి మార్కులే వచ్చాయి. తెలుగులో తప్పాడు. తెలుగింట్లో పుట్టినవాడు తెలుగులో తప్పాడంటే వినేవాళ్ళకు నవ్వొస్తుంది. నవ్వేముందు గుడియాత్తంలో మగ్గాలాడే ఏ వీధికైనా పోయి చూడండి. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. అమ్మ తిట్టేది తెలుగులో, అయ్యవారు కొట్టేది తమిళంలో. తెలుగు అక్షరం మొహం చూడకుండానే, తెలుగులోనే పుట్టి తెలుగులోనే పోట్లాడి ముసలివాళ్ళయినవాళ్ళు అక్కడ ఇంటికొకరుంటారు. చెంగల్రాయలు మెట్రిక్యులేషన్ దాకా చదివింది తమిళమే. తమిళ వ్యాసానికి బళ్ళో బహుమతి కూడా తెచ్చుకున్నాడు.

మరి ఈ తెలుగు అతని మెడకు ఎట్లా చుట్టుకుంది? అంతా ట్యూటర్ జానకిరామన్ గారి చలవ. చేరిన ప్రతి విద్యార్థికీ ఏ పాఠాలు తీసుకోవాలో చెప్పి దారి చూపించడం ఆయన ఉద్యోగం. చేరిన రోజు ఆయన చెంగల్రాయలుని ఊరు అడిగాడు, వీధి అడిగాడు, పోయిన తండ్రి పేరు అడిగాడు, తల్లి పేరు కూడా అడిగాడు. ఇంట్లో ఏ భాష అన్నాడు. తెలుగు సార్ అన్నాడు ఇతను. "అయితే తెలుగే తీసుకో." చదవను రాదు సార్, నేను నేర్చింది తమిళం అని చెబుతుంటే, "నేర్చుకో" అని తరవాతివాణ్ణి పిలిచాడు.

ఆ రోజు నుంచి తమిళానికి మార్చమని చెంగల్రాయలు ఆయన చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ముందు "కాస్త ఆగు" అన్నాడు. తరవాత "తెలుగు పండితుణ్ణి అడుగు" అన్నాడు. పండితుణ్ణి అడిగితే ట్యూటర్ను అడగమన్నాడు. మళ్ళీ ట్యూటర్ దగ్గరికి పోతే దసరా పోయాక రమ్మన్నాడు. పోయిన నెలలో వెళ్తే, "ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావు? ముందే చెప్పొద్దా?" అని గద్దించాడు. ఈలోగా కుర్రవాడు కష్టపడి అక్షరాలు నేర్చుకున్నాడు, అది కూడా చెప్పాలి. కానీ పరీక్షలో రాయవలసింది పుస్తకాల తెలుగు, అతనికి వచ్చింది అమ్మ తెలుగు. అతను రాసిన వ్యాసాన్ని పండితుడు క్లాసులో పైకి చదివి, "ఇది ఏ దేశపు భాషోయ్?" అని అందరినీ నవ్వించేవాడు.

ఈ సాయంత్రం టపాలో పేర్లు మద్రాసుకు పోతాయి. అంతలోపల ట్యూటర్ సరేనంటే ప్రిన్సిపాల్ దొర తెలుగు కొట్టేసి తమిళం పెట్టి అతన్ని పరీక్షకు పంపవచ్చు. అనకపోతే చెంగల్రాయలు చదువు ఈ రోజుతో సరి. ఇంటికి పోయి, కాళ్ళు దింపుకుని నేసే మగ్గం గుంటలో దిగాలి.

ఆ గుంటలో ఇప్పుడు చెల్లెలు కాంచన కూర్చుని ఉంది. ఆడపిల్ల నూలు కండెలు చుట్టుకోవాలి గానీ గుంటలో దిగి పోగుల మధ్య నాడె విసరడమేమిటని వీధంతా నోళ్ళు నొక్కుకున్నా ఆ పిల్ల దిగింది. అన్న చదువు ముగిసేదాకా మగ్గం ఆగకూడదని తనే అంది. చెంగల్రాయలు నిన్న ఇంటికి వచ్చి సంగతి చెప్పలేక నీళ్ళు నములుతుంటే, మగ్గం ఆపి, "తప్పినావా అన్నా?" అని అడిగింది కూడా కాంచనే. ఆ మాటకు పొన్నమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. జరిగిందంతా విన్నది. "పొద్దున్నే బండికి పోదాం పద. ఆయన మొగమేందో నేను చూడాల" అంది.

ఆ ఇంట్లో ఇంకొకామెను కూడా మనం మరిచిపోకూడదు. పొన్నమ్మ చెల్లెలు రాజాంబాళ్. చిన్నతనంలోనే అదే వీధిలో వరదప్ప కొడుకు ఎల్లప్పకి ఇచ్చి చేశారు. కాపురానికి పోయి రెండేళ్ళు మొగుడితో ఉంది. ఒకనాడు ఆ కుర్రవాడు ఎవరితోనూ చెప్పకుండా ఊరొదిలి పోయాడు. ఇరవై ఏళ్ళవుతోంది. ఉన్నాడన్న కబురూ లేదు, పోయాడన్న కబురూ లేదు. మెడలో తాళి ఉంది గనక పసుపుకుంకాలకు పిలుస్తారు, పక్కన మొగుడు లేడు గనక వెనక నవ్వుతారు. అత్తమామలు పోయాక అక్క ఇంటికి వచ్చేసింది. అత్తారింటి నుంచి ఆమె తెచ్చుకున్నది ఒకే ఒకటి, ఒక ముడి.

గుడ్డ మగ్గం మీది నుంచి కోశాక కొసన పోగులు వేలాడుతుంటాయి. వాటిని కుచ్చులుగా పేని ముడి వేస్తారు. వీధిలో అందరూ ముడి వేసి వదిలేస్తారు. వరదప్ప ఇంట్లో మాత్రం ముడి వేశాక మిగిలిన కొసను వెనక్కి తిప్పి ఆ ముడి కడుపులోకే దోపుతారు. ఆ ఇంటి పిల్లలు సరిగా మాటలు రాకముందే అది నేర్చేవాళ్ళు. రెట్టింపు పని, చూసేవాడికి తేడా తెలియదు. అయినా రాజాంబాళ్ ఈ ఇరవై ఏళ్ళూ అట్లానే కడుతోంది. "మొగుడు పోయినా ముడి పోలేదు" అని అమ్మలక్కలు ఎగతాళి చేసినా మానలేదు.

ఈ పొద్దున పెద్దమనిషి దగ్గరికి ఒట్టి చేతులతో పోకూడదని కాంచన నేసిన ఎర్రంచు తుండు ఒకటి మూటలో పెట్టారు. రాజాంబాళ్ దానికి ఒక కొసన కుచ్చులు కట్టేసరికి బండి వేళయింది. రెండో కొస బండిలో నువ్వు కట్టక్కా అని ఇచ్చి పంపింది. పొన్నమ్మ దారిలో మూట విప్పనే లేదు. అంత కోపంలో ఎవరు కుచ్చులు కడతారు?

కాట్పాడిలో దిగి జట్కా ఎక్కి, పాలారు దాటి వాళ్ళు కాలేజీ చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది.

ట్యూటర్ గది ముందు వేలు అనే జవాను స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. "సార్ పనిలో ఉన్నారు, ఆగండి" అన్నాడు తమిళంలో. ఆగారు. గది తలుపు సగమే మూసి ఉంది, సార్ చేస్తున్న పని వరండాలోకి చక్కగా కనబడుతోంది. కాలు మీద కాలేసుకుని హిందూ పేపరు చదువుతున్నాడు. ఒక పేజీ అయింది, తిప్పాడు. ఇంకో పేజీ అయింది, తిప్పాడు. పొడుం పీల్చాడు. తీరిగ్గా తుమ్మాడు.

"ఇదా పని?" అంది పొన్నమ్మ.

"అమ్మా, గమ్మునుండు."

"గమ్మునుండే గదా ఈడికొచ్చినాం!" అని లేచి, వేలు చెయ్యి అడ్డం పెట్టేలోపల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. చెంగల్రాయలు వెనకే పరిగెత్తాడు.

ట్యూటర్ పేపరు మీది నుంచి తల ఎత్తాడు. పొన్నమ్మను చూసి కుర్చీలోంచి సగం లేచాడు. చెంగల్రాయలు ఆశ్చర్యపోయాడు, దొరకు తప్ప ఆయన ఎవరికీ లేవగా అతను చూడలేదు. అంతలోనే కూలబడి, కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, కళ్ళద్దాలు తీసి తుడవసాగాడు. లావుపాటి మనిషి. తెల్లటి తలపాగా, నల్ల కోటు, మూతి కప్పే మీసం.

"ఎవరు లోపలికి రమ్మన్నారు?" అన్నాడు తమిళంలో, కిటికీతో.

"మా అమ్మ సార్. గుడియాత్తం నుంచి వచ్చింది."

"సామీ, నా కొడుకు బతుకు మీ చేతిలో ఉండాది," అని పొన్నమ్మ మొదలుపెట్టింది.

"నాకు తెలుగు రాదు," అన్నాడాయన. "చెప్పేదేదో తమిళంలో చెప్పమను."

పొన్నమ్మ కొడుకుని ముందుకు తోసింది. "అరవం నాకూ వచ్చు సామీ. సంతలో అరవంలోనే బేరమాడతా. కోపమొస్తే మాత్రం తెలుగే వస్తాది, ఏం చేసేది? నా కొడుకు చెప్తాడు, వినండి."

చెంగల్రాయలు చెప్పాడు. తమిళంలో, వినయంగా, చేతులు కట్టుకుని చెప్పాడు. తమిళానికి మార్చమని తాను ఎన్నిసార్లు వచ్చిందీ, ప్రతిసారీ తమరు ఏమన్నదీ, ఈరోజు సాయంత్రంతో అవకాశం ఎట్లా పోతుందో అన్నీ చెప్పాడు. తమరు ఒక్క మాట అంటే చాలు సార్, దొరగారు ఒప్పుకుంటారు అన్నాడు.

అంతా విని ట్యూటర్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "ఈ విషయంగా నువ్వు నా దగ్గరికి ఎన్నడూ రాలేదు."

చెంగల్రాయలుకి ముందు అర్థం కాలేదు. "సార్?"

"రాలేదు. వచ్చి ఉంటే అప్పుడే మార్చి ఉండేవాణ్ణి. పరీక్ష తప్పాక ఇప్పుడు మీ అమ్మను వెంటబెట్టుకుని వచ్చి కథలు చెబుతున్నావు."

వినండి ఇది. రెండేళ్ళు గడప అరిగేలా తిప్పుకుని, ఆఖరికి నువ్వు రానేలేదు పొమ్మన్నాడు! ఇట్లాంటి మనుషులు ఆఫీసుకొకరు, కాలేజీకొకరు ఉంటారు. తిట్టేవాడితో పోట్లాడవచ్చు, కొట్టేవాడిని తిరిగి కొట్టవచ్చు. వచ్చినవాణ్ణి రాలేదనేవాడిని ఏం చెయ్యగలం? చెంగల్రాయలు చెవులు భగ్గుమన్నాయి. కట్టుకున్న చేతులు వాటంతటవే విడిపోయాయి.

"పోయిన నెల వచ్చినాను గదా సార్! ఈ టేబిలు దగ్గరే నిలబడినాను! ముందే ఎందుకు చెప్పలేదని మీరే గదా తిట్టినారు? బయట వేలన్నను అడగండి, ఆయన చూసినాడు!"

వేలు గుమ్మంలోనే ఉన్నాడు. అందరూ తన వైపు తిరిగేసరికి అతను నేలకేసి చూశాడు. పాపం, అతని నౌకరీ ఆ స్టూలు మీదే ఉంది.

"చూశావా?" అన్నాడు ట్యూటర్. "గొంతు తగ్గించు."

పొన్నమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. మూట విప్పి ఎర్రంచు తుండు తీసి రెండు చేతులతో టేబిలు మీద పెట్టింది. "చిన్నోడు సామీ, ఒళ్ళు మండి అరిచినాడు. మనసులో పెట్టుకోవద్దండి. ఇది నా కూతురు నేసింది. వీడి కోసం ఆ పాప గుంటలో కూర్చోనుండాది. మర్యాదకు తెచ్చినా, తీసుకోండి." ఆయన మొగమేందో చూస్తానని ఇంటి నుంచి బయలుదేరిన మనిషి ఇంత మెత్తగా మాట్లాడిందంటే, ఆ మెత్తదనం ఆమెకు ఎంత కష్టమయిందో తల్లులకు చెప్పక్కరలేదు.

"లంచమా?" అన్నాడు ట్యూటర్.

పొన్నమ్మ ముఖం ఎర్రబడింది.

"లంచం ఇవ్వబోయారని నేను దొరగారికి చెప్తే మీవాడి పేరు ఈ కాలేజీలోనే ఉండదు, తెలుసా? ఏమీ తెలియని ఆడమనిషివని వదిలేస్తున్నాను." ఆయన గొంతు ఇప్పుడు స్థిమితపడింది. నీతులు చెప్పేటప్పుడు అందరి గొంతులూ అట్లానే స్థిమితపడతాయి. "చూడమ్మా, అందరికీ చదువు అబ్బదు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మగ్గం పని నీచమైనదా? కాదు. తాతముత్తాతలు చేసిన పని. మీవాణ్ణి తీసుకుపో, మగ్గంలో కూర్చోబెట్టు. ఇంకో రెండేళ్ళు ఇక్కడ తిరిగినా వీడికి పట్టుబడేది ఏమీ లేదు. నా సొంత బిడ్డయినా నేను ఇదే చెబుతాను..."

ఇంకా చెబుతూనే ఉన్నాడు. చెంగల్రాయలు ఒక్కొక్క మాటా పళ్ళు బిగబట్టి విన్నాడు. అమ్మ ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు అరుస్తుంది అని చూశాడు. అమ్మ అరవలేదు. నోరు కొంచెం తెరుచుకుని, రెప్ప వెయ్యకుండా టేబిలుకేసి చూస్తోంది. వాడి మాటలకు భయపడిపోయిందా? మా అమ్మా? అతనికి అమ్మ మీద కూడా కోపం వచ్చింది. ఏముందక్కడ అని తనూ చూశాడు.

టేబిలు మీద ట్యూటర్ చేతులున్నాయి. చేతుల కింద తుండు, కుచ్చులు కట్టని కొస. ఆయన నోరు నీతులు చెబుతోంది, కళ్ళు కిటికీలోంచి ఎటో చూస్తున్నాయి, వేళ్ళు మాత్రం తమ పని తాము చేసుకుపోతున్నాయి. వేలాడే పోగుల్లోంచి రెండు పాయలు విడదీశాయి. ఒకదాన్ని కుడికీ ఒకదాన్ని ఎడమకీ పేనాయి. కలిపి ముడి వేశాయి. మిగిలిన కొసను వెనక్కి తిప్పి ముడి కడుపులోకి దోపాయి. పక్క పాయలు అందుకున్నాయి. అప్పటికే నాలుగైదు కుచ్చులు వరసగా తయారయ్యాయి.

పొన్నమ్మ ముందుకు వంగి, తుండు రెండో కొసను, రాజాంబాళ్ కట్టిన కొసను, తీసి ఆయన వేళ్ళ పక్కన పెట్టింది.

"ఎల్లప్పా," అంది.

బయట పలక మీద ఉన్న పేరు జానకిరామన్, బి.ఏ. అయినా ఆ వేళ్ళు ఠక్కున ఆగిపోయాయి. ఆగాకే ఆయన వాటికేసి చూసుకున్నాడు. సగం పేనిన పోగు ఇంకా బొటనవేలి కిందే ఉంది.

"మీరు ఎవరిని..." అని తమిళంలో మొదలుపెట్టాడు.

"ఇట్ల చూడు. ఈ పక్క మా చెల్లెలు కట్టింది. ఆ పక్క నువ్వు కట్టినావు. మా ఊర్లో ఇన్ని మగ్గాలుండాయే, ఇట్ల వెనక్కి దోపేది వరదప్ప మామ ఇంట్లో తప్ప ఇంకెవరింట్లో అయినా చూసినావా?" పొన్నమ్మ గొంతు లేస్తోంది. "నిన్ను యాడ్యాడ ఎతికినారో తెలుసునా? తిరుత్తణిలో ఎతికినారు, కంచిలో ఎతికినారు. బాయిల్లో గూడా దిగి చూసినారు. మీ నాయన పానం పొయ్యేటప్పుడు వాకిలి పక్క తిరిగి పండుకున్నాడు, నువ్వొస్తావని. నువ్వేమో తలపాగా చుట్టుకోని, ఈడ, ఈ పక్కూర్లో కుర్చీలో కూర్చోనుండావు! మగ్గం పని నీచం కాదని నాకు చెప్తా ఉండావు!"

"అరవొద్దు వదినా," అన్నాడు ట్యూటర్.

తెలుగులో అన్నాడు. పండితుడు విని నవ్వే తెలుగు, గుడియాత్తం తెలుగు. నోరు జారింది. జారాక ఆయన చప్పున గుమ్మం వైపు చూశాడు. వేలు లేడు, అరుపులు మొదలవగానే తలుపు దగ్గరికి వేసి వరండాలోకి తప్పుకున్నాడు.

చెంగల్రాయలు మనసులో వరస కలుపుకున్నాడు. అమ్మను వదినా అని పిలిచే మనిషి అంటే చిన్నమ్మ మొగుడు. చిన్నాయన. పండగనాడు ఒక విస్తరి ఎక్కువ వేసి ఎవరి పేరు చెప్పి ఎత్తేస్తారో ఆ మనిషి. తరవాత ఇంకొకటి తట్టింది. అది తట్టగానే కోపం అతని కళ్ళకు అడ్డం వచ్చింది.

"నీకు మొదటి దినమే తెలుసు," అన్నాడు. సార్ అనే మాట ఎప్పుడు రాలిపోయిందో అతనికే తెలియదు. "వీది పేరు అడిగినావు. అమ్మ పేరు అడిగినావు. కాలేజీలో అమ్మ పేరు ఎవురడుగుతారు? నేనెవరో తెలుసుకోనే నాకు తెలుగు తగిలించినావు! మనోళ్ళకి తెలుగు మాట్లాడేదే గానీ చదివేది రాదని ఈ కాలేజీలో నీకు తప్ప ఇంకెవరికి తెలుసు? నేను తప్పాల, తప్పి ఇంటికి పోవాల. అంతే గదా?"

ట్యూటర్ కాదనలేదు. తలపాగా తీసి టేబిలు మీద పెట్టాడు. బట్టతల చెమటతో మెరుస్తోంది. "నాకూ రాదు," అన్నాడు మెల్లగా. "తెలుగు చదివేది ఈ దినానికీ నాకు రాదు."

"ఎందుకు చేసినావు?"

"ఏం చేయమంటావు మల్ల? నువ్వు ఈడుంటే ఒక దినం మీ అమ్మ వస్తాది. ఇంకొక దినం ఆయమ్మ వస్తాది." రాజాంబాళ్ పేరు ఆయన నోట రాలేదు. "రెండు నెల్లు కష్టపడి ఇడిసిపెట్టి పోతావనుకున్నా. నువ్వు పోలేదు, మొండోడివి. ఈ ఊర్లో నాకు ఇల్లుండాది. ఇద్దరు బిడ్డలుండారు. నేను తంజావూరు పక్కోణ్ణని అనుకోనుండాది నా పెండ్లాము."

"పెండ్లామా?" అంది పొన్నమ్మ. ఆ ఒక్క మాటే మళ్ళీ అంది. "పెండ్లామా! మా చెల్లెలి మెళ్ళో ఉండేది ఏంది మల్ల, ఎద్దుకు కట్టిన పలుపా?"

తలుపు మీద చప్పుడయింది. "సార్," అని వేలు బయట నుంచే తమిళంలో పిలిచాడు. "దొరగారు పిలుస్తున్నారు. మద్రాసుకు పంపే పేర్ల సంగతి. ఇప్పుడే రమ్మన్నారు."

"వస్తున్నానని చెప్పు," అని ట్యూటర్ తమిళంలో కేకేశాడు. ఆ నాలుకకు ఒక భాషలోంచి ఇంకో భాషలోకి దూకడానికి అర నిమిషం కూడా పట్టలేదు. లేచి తలపాగా పెట్టుకున్నాడు. చెంగల్రాయలుకి ఎదురుగా వచ్చి గొంతు తగ్గించాడు. "ఇప్పుడే పోయి తెలుగు కొట్టేసి తమిళమని పెట్టిస్తా. నీ పేరు మద్రాసుకు పోతాది. పరీచ్చ రాస్తావు, పాసయితావు. పై చదువుకూ నేను చూసుకుంటా. మీరు నన్ను చూళ్ళేదు. అంతే. ఒక్క మాట, సరి అను."

చెంగల్రాయలు అమ్మకేసి చూశాడు.

"నా పక్క చూడొద్దు నాయనా," అంది పొన్నమ్మ. కళ్ళల్లో నీళ్ళున్నాయి, కోపపు నీళ్ళు. "పరీచ్చ నీది. నువ్వు సరి అంటే నేను నోరు మూసుకుంటా. ఇంటికి పోయి దాని మొగం ఎట్ల చూసేదనేది నా తలనొప్పి."

ఆ మాట చెంగల్రాయలు నోటిదాకా వచ్చిందని ఒప్పుకోవాలి. ఎవరికి రాదు? రెండేళ్ళుగా అతను అడిగింది అదే. సరి అంటే కాంచన గుంటలో పడిన కష్టం వృథా పోదు. సరి అంటే పండితుడి ముందు నవ్వులపాలు కావడం ఇంక ఉండదు. నాలుక పైకి లేచింది కూడా. అప్పుడు అతని చూపు తుండు మీద పడింది. ఈ కొసన చిన్నమ్మ ముడులు. ఆ కొసన ఈయన ముడులు. ఎవరు నవ్వినా ఒక్క ముడీ మార్చని మనిషి ఒకతె. ఆ ముడి వేళ్ళలోనే పెట్టుకుని, మనిషిని మాత్రం వదిలేసి వచ్చినవాడు ఒకడు. చెంగల్రాయలుకి ట్యూటర్ మీద ఎంత అసహ్యం వేసిందో, సరి అనబోయిన తన నాలుక మీదా అంతే వేసింది.

తుండు తీసి మడిచి అమ్మ చేతిలో పెట్టాడు. "ఇది చిన్నమ్మకియ్యి. రెండో కొస ఎవరు కట్టినారో ఆయమ్మకి నువ్వు చెప్పే పన్లేదు, చూస్తేనే తెలుస్తాది."

"ఒరే, ఆలోచించుకో," అన్నాడు ట్యూటర్.

"ఆలోచించుకున్నా. తమిళం నేను చదువుకున్న చదువు. అది నాకియ్యడానికి నువ్వెవరు? నేనే పోయి దొరను అడుగుతా."

"అడుగు. నువ్వు నా దగ్గరికి రాలేదని నేను చెప్తా. లంచం తెచ్చినారని గూడా చెప్తా. దొర ఎవరి మాట నమ్ముతాడో చూసుకుందాం."

"చూసుకుందాం!" అని చెంగల్రాయలు తలుపు లాగాడు. బయట వేలు నిలబడి ఉన్నాడు. ఎంత విన్నాడో, ఎంత అర్థమయిందో తెలియదు. పక్కకు తొలగి దారి ఇచ్చాడు. ఈసారి నేలకేసి చూడలేదు.

దొర గది వరండా చివర. చెంగల్రాయలు నడవలేదు, దాదాపు పరిగెత్తాడు. దొరతో ఏం చెప్పాలో ఇంగ్లీషులో కూర్చుకుంటున్నాడు. మొదటి వాక్యం వచ్చింది, రెండోది రావడం లేదు. తలుపు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుని, అమ్మ వెనకే వస్తోందా అని తిరిగి చూశాడు.

అమ్మ రావడం లేదు. ట్యూటరూ రావడం లేదు. వేలు గోడకు ఆనుకుని, నోరు తెరుచుకుని ట్యూటర్ గదికేసి చూస్తున్నాడు. చెంగల్రాయలు తెరిచి వచ్చిన తలుపు మూసుకుంటోంది. మూసే చేతిలో ఎర్రంచు తుండు ఉంది.

"వదినా, తలుపు తియ్యి! దొర పిలస్తా ఉండాడు!" అని లోపల్నుంచి ట్యూటర్ గొంతు.

"పిలవనీ," అంది పొన్నమ్మ గొంతు. "ఇరవై ఏండ్లు మేం గూడా పిలిచినాం."

లోపల గడియ పడింది. అదే క్షణాన చెంగల్రాయలు ముందున్న తలుపు తెరుచుకుంది. జానకిరామన్ ఇంకా ఎందుకు రాలేదా అని చూడడానికి, చేతిలో పేర్ల కాగితంతో దొర తనే బయటికి వచ్చాడు.